దెబ్బకూ దెబ్బకూ నడుమ

“గొంతు నాదే బిడ్డా,” అంది కట్టమ్మ. “కని మాట నాది గాదు.”

ఇలాంటి కేసులతో నా దగ్గరికి వచ్చేవాళ్ళు “ఆ గొంతు నాది కానే కాదు” అని మొదలుపెడతారు. వాళ్ళలో సగం మంది అబద్ధమాడుతుంటారు. ఈమె మాత్రం నేను అడగకముందే గొంతు తనదేనని ఒప్పేసుకుంది. ఆ ఒక్క మాటకే నేను ఆమె పక్షాన చేరిపోయాను. డిటెక్టివ్ అన్నవాళ్ళు అంత తొందరగా ఏ పక్షానా చేరకూడదని తెలుసు. ఏం చెయ్యను, నాకు ఓపిక తక్కువ.

టైము ఉదయం పది నలభై. సాయంత్రం ఐదింటికి ఎస్సై మహిపాల్ వచ్చి కట్టమ్మను అరెస్టు చేస్తాడు. అంటే నా చేతిలో ఉన్నది ఆరు గంటల ఇరవై నిమిషాలు.

జరిగింది ఇదీ. పన్నెండు రోజుల కిందట, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల అయిదు నిమిషాలకు, కొత్తవాడలో నేతకారుల సంఘం నూలు గోదాం అంటుకుంది. లోపల కునుకు తీస్తున్న వాచ్‌మన్ పోశయ్య బయటికి రాలేకపోయాడు. జనం తలుపు పగలగొట్టి లాగారు. ప్రాణం నిలిచింది కానీ గొంతులో గొట్టం వేశారు. దవాఖానలో కళ్ళు తెరుస్తున్నాడు, మాట లేదు. ఏం జరిగిందో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషికి నోరు లేకుండా పోయింది.

నిన్న పొద్దున ఆరూ పదికి వాడకట్టు వాట్సాప్ గ్రూపులో ఒక ఆడియో పడింది. పంతొమ్మిది సెకన్లు. సంఘం కమిటీ మెంబరు, జంపఖానాలు నేసే కట్టమ్మ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నట్టుగా ఉంది. ఏడింటికల్లా అది ప్రతి ఫోన్‌లో ఉంది. తొమ్మిదింటికి ఒక టీవీ చానెల్‌లో మోగింది.

నేను దాన్ని మళ్ళీ పెట్టాను.

“పోశయ్య లోపల్నే… ఉన్నడా? ఉంటె ఉండనీ. బయటికెల్లి… గొళ్ళెం వెట్టు. ఇయ్యాల్టితోటి… పీడ వోతది. నా పేరు… బయటికి రావద్దు.”

కట్టమ్మ చెవులు మూసుకోలేదు. చివరిదాకా విన్నది. యాభై ఆరేళ్ళ మనిషి, చేతులు మాత్రం ముప్పై ఏళ్ళ వాళ్ళలా గట్టిగా ఉన్నాయి. ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

“పోశయ్యతోటి నీకు పంచాది ఉండెనా పెద్దమ్మా?”

“ఉండె. దాసిపెట్టుడెందుకు? గోదాం తగలబడే వారం ముంగట నలుగుర్ల తిట్టిన. నూలు బేళ్ళ నడుమ పండుకొని బీడీలు తాగుతాండు. సంఘాన్ని బూడిద జేస్తవ్‌రా అన్న. వాడు నాకు తమ్ముని వరుస. తిట్టకుంటె ముద్దు వెట్టుకుంటనా?”

“అందుకే జనం నమ్మిన్రు.”

“అదే నాకు కడుపుల మండుతాంది. ముప్పయ్యేండ్ల సంది ఈ వాడల నా మాట మీద పెండ్లిళ్ళు అయినయ్, పంచాదులు తెగినయ్. నిన్నటి సంది నా ఇంట్ల మంచినీళ్ళు తాగెటోడు లేడు. పోశయ్య పెండ్లాం రాములవ్వకు దవాఖానకు అన్నం పంపుతాన గదా, నిన్న ఆ గిన్నె తెచ్చి నా గడప మీద బోర్లించిపోయింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండు. తిట్టలే.” ఆమె గడప వైపు చూసింది. “జైలుకు పోతె పోత బిడ్డా. కని పోశయ్య లేచి కూసునేదాక ఈ వాడకు నేను హంతకురాలినేనా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడో చల్లగా ఒక గదిలో కూర్చుని, రెండు నిమిషాలు కంప్యూటరు మీటలు నొక్కి, ముప్పై ఏళ్ళ మనిషితనాన్ని తుడిచేశాడు.

అసలు సంగతి చెప్పాలి. నా పేరు వాసంతి. ఈ పనిలోకి రాకముందు తొమ్మిదేళ్ళు రేడియోలో గొంతులు కోసి అతికించే ఉద్యోగం చేశాను. మంత్రి ప్రసంగంలో దగ్గు తీసెయ్యడం, పాట మధ్యలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు చెరిపెయ్యడం నా పని. మనుషుల ముఖాలు మరిచిపోతాను, వాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో మరిచిపోను. అందుకే ఆ పంతొమ్మిది సెకన్లు నిన్నటి నుంచీ నాకు మింగుడు పడటం లేదు. గొంతు కట్టమ్మదే, యాస కట్టమ్మదే. కానీ ఆ ఆగడం ఏమిటి? “గొళ్ళెం వెట్టు” అనే రెండు మాటల ముందు ఎందుకు ఆగింది? “నా పేరు” అని ఎందుకు ఆగింది? ఇందాకటి నుంచి నాతో గడగడా మాట్లాడిందే, ఒక్కసారైనా అలా ఆగలేదే!

“పెద్దమ్మా, జర మగ్గం మీద కూసుంటవా?”

“ఇప్పుడా? రెండొద్దుల సంది దాన్ని ముట్టలే.”

“కూసో. నేసుకుంటనే పోశయ్యను ఎట్ల తిట్టినవో చెప్పు.”

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి మగ్గం గుంటలో కాళ్ళు దించింది. తొక్కింది, దారం కండె ఉన్న నాడె విసిరింది, పోగును బిగించే పలక లాగి కొట్టింది. ధన్. ఇల్లంతా అదిరింది.

“నూలు బేళ్ళ నడుమ…” ధన్. “పండుకుంటవార…” ధన్. “బీడీ తాగి…” ధన్.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. “మళ్ళా చెప్పు! ఆపకు!”

“ఏమైంది బిడ్డా నీకు?”

“మాట నడుమ ఆగుతున్నవ్!”

“ఆగకుంటె? పలక దెబ్బ పడంగ మాట ఇనవడది గదా. మగ్గం మీద కూసున్నోళ్ళు దెబ్బకూ దెబ్బకూ నడుమనే మాట్లాడుతరు. ఈ వాడల పుట్టిన పోరగాండ్లందరికీ ఎరుకే.”

వాడకట్టులో పుట్టినవాళ్ళకు ఎరుకే. ఆ ఆడియో తయారుచేసినవాడికి మాత్రం ఎరుక లేదు. వాడు కట్టమ్మ మగ్గం మీద మాట్లాడుతున్నప్పటి రికార్డింగు సంపాదించాడు. చప్పుళ్ళు తీసేసి, గొంతును మాత్రం యంత్రానికి నేర్పాడు. యంత్రం గొంతుతో పాటు ఆ ఆగడాన్ని కూడా నేర్చుకుంది. ఇంట్లో కూర్చుని ఫోన్లో కుట్ర చేస్తున్నట్టు సృష్టించిన కట్టమ్మ, లేని మగ్గం మీద లేని పలక దెబ్బ కోసం ఆగుతోంది!

ఇక మిగిలింది ఒక్క ప్రశ్నే. మగ్గం మీద ఉన్నప్పుడు ఆమె గొంతు రికార్డు చేసిందెవరు?

“నాకేం ఎరుక? ఇంట్ల నేనొక్కదాన్నే.”

ఆమె మగ్గం మీద దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం కొలిచాను. రెండు పాయింట్ ఒకటి సెకను. లాప్‌టాప్‌లో ఆడియో తెరిచి ఆగిన చోట్ల మధ్య దూరాలు కొలిచాను. ఒకటి పాయింట్ మూడు. ఇంకో చోట రెండు పాయింట్ ఆరు, అంటే దానికి సరిగ్గా రెట్టింపు. లెక్క ఖచ్చితంగా ఉంది కానీ కట్టమ్మ మగ్గంతో కలవడం లేదు.

పదకొండు ఏభైకి లేచాను. బయట చానెల్ వాళ్ళు మైకులు పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నారు.

“తలుపు గడియ వెట్టుకో పెద్దమ్మా. ఎవలు వచ్చి ఏం జెప్పినా తియ్యకు. కొత్త నంబర్ల నుంచి ఫోన్లు వస్తయ్. నా గొంతు ఇంటెనే నమ్ము.”

“సరే బిడ్డా. నీ గొంతు ఇంటెనే.”

ఈ మాటను గుర్తు పెట్టుకోండి. నా జీవితంలో నేనన్న అతి తెలివితక్కువ మాట ఇదే.

*

స్టేషన్‌కు చేరేసరికి పన్నెండూ పది. ఎస్సై మహిపాల్ గదిలో సారంగపాణి ముందే కూర్చుని ఉన్నాడు.

ఈ సారంగపాణితో నాకు మూడేళ్ళుగా పడదు. హన్మకొండలో దుకాణాలకు కెమెరాలు, అలారాలు బిగించే వ్యాపారంతో మొదలై, చానెల్‌లో ‘సైబర్ నిపుణుడు’గా తేలాడు. పోలీసులకు ఏ ఫోన్ తెరుచుకోకపోయినా ఇతన్నే పిలుస్తారు. నిన్న టీవీలో “ఈ ఆడియో నూటికి తొంభై ఏడు పాళ్ళు అసలుది” అని సర్టిఫికెట్ ఇచ్చింది ఇతనే.

“రండి వాసంతిగారూ, మీ చెవులు ఏమంటున్నాయ్?” అన్నాడు, ఫోన్‌ను టేబుల్ మీద నా వైపు జరిపి పెడుతూ.

“మీ సర్టిఫికెట్ చించెయ్యమంటున్నాయ్.”

“నా సాఫ్ట్‌వేర్ చూసింది మేడం. మీ చెవులకు వెర్షన్ నంబర్ ఉందా?”

“ఆ సాఫ్ట్‌వేర్‌కు మగ్గం తెలుసా? కట్టమ్మ ఎప్పుడైనా మాట్లాడగా విన్నారా మీరు?”

“ఆమెను నేను కండ్లతోటి చూడలే. ఆ గొంతు నిన్ననే మొదటిసారి విన్న. అందుకే నా మాట న్యూట్రల్.”

మహిపాల్ చెయ్యెత్తాడు. “మేడం, ఏముంటే నాకు చెప్పండ్రి. పైనుంచి ఫోన్లు వస్తానయ్. గోదాం ముంగట ధర్నా నడుస్తాంది. పోశయ్య పెండ్లాం కంప్లైంట్ ఇచ్చింది.”

నేను చెప్పాను. పలక దెబ్బ గురించి, ఆగడం గురించి, ఆ ఒకటి పాయింట్ మూడు సెకన్ల గురించి చెప్పాను. పది పన్నెండు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాను. కోపంగా, నవ్వుతూ, కట్టమ్మను అనుకరిస్తూ, గుసగుసగా, గట్టిగా, అన్ని రకాలుగా మాట్లాడాను. మామూలుగా నన్ను రెండో వాక్యం పూర్తి చెయ్యనివ్వని సారంగపాణి ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చేతులు కట్టుకుని విన్నాడు. మధ్యలో “తర్వాత?” అని కూడా అన్నాడు. నేను గెలుస్తున్నాననుకున్నాను.

“మరి ఆమె ఇంటి మగ్గం లెక్క ఎంతుంది?” అన్నాడు చివర్లో.

“రెండు పాయింట్ ఒకటి.”

“ఆడియోలో ఒకటి పాయింట్ మూడు.” అతను మహిపాల్ వైపు తిరిగి నవ్వాడు. “సార్, మేడం తెచ్చిన సాక్ష్యం మేడంనే తప్పు పడతాంది. కోర్టుల ఇదే చెప్పమనండ్రి, జడ్జిగారు ఒక కప్పు చాయ్ తాగుతరు.”

నా ముఖం వేడెక్కింది. “కట్టమ్మను భయపెట్టి ఏదో ఒకటి ఒప్పిద్దామని చానెల్ వాళ్ళను ఆమె ఇంటి ముందు కూర్చోబెట్టారు కదా! కూర్చోమనండి. నా గొంతు వింటే తప్ప ఆమె తలుపు తియ్యదు.”

“ఓహో,” అన్నాడు సారంగపాణి, ఫోన్ తీసి జేబులో పెట్టుకుంటూ. “అంత నమ్మకమా మీ గొంతు మీద?”

“అంత నమ్మకమే.”

మహిపాల్ గడియారం చూశాడు. “మేడం, అయిదు దాక ఆగుత. మీరు తెచ్చేది సెకన్లు గాదు, మనిషి పేరు గావాలె.”

*

గోదాం దగ్గరికి రెండింటికి చేరాను. ధర్నా జనం భోజనాలకు వెళ్ళినట్టున్నారు, ఎవరూ లేరు. సంఘం కార్యదర్శి కుమారస్వామి తాళాల గుత్తి పట్టుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఎండలో నిలబడ్డ దానికంటే ఎక్కువ చెమట పట్టి ఉంది.

విరిగిన తలుపును పోలీసులు గోడకు ఆనించి ఉంచారు. టేకు తలుపు. లోపలి వైపు బొగ్గయిపోయింది. సందుల్లోంచి పొగ కక్కి బయటి వైపు కూడా మందంగా మసి పట్టింది. ఇనుప గొళ్ళెం తలుపుకు వేలాడుతోంది.

“ఎవరు పగలగొట్టారు?”

“ఆరేడుగురం మేడం. గడ్డపారలతోటి బందుల దిక్కు కొట్టినం. పొగల ఎవలకేం కనవడ్డది?”

“గొళ్ళెం పెట్టి ఉండెనా?”

“పెట్టే ఉండాలె. తలుపు రాలే గదా.”

“చూశారా, అనుకున్నారా?”

అతను తాళాల గుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నేను రుమాలు చుట్టుకుని ఆ గొళ్ళేన్ని పక్కకు జరిపాను.  దాని వెనక, తలుపు చెక్క మీద, అచ్చం గొళ్ళెం ఆకారంలో ఒక శుభ్రమైన మచ్చ ఉంది. రంగు కూడా చెక్కుచెదరలేదు.

“కుమారస్వామిగారూ, ఇటు చూడండి. పొగ పట్టేటప్పుడు ఈ గొళ్ళెం ఇక్కడ, ఇట్లనే వేలాడుతూ ఉంది. అందుకే దీని వెనకకు మసి పోలేదు. చౌకట్టు మీద కొంకి చూడండి, నిండా మసి. గొళ్ళెం పెట్టి ఉంటే ఆ కొంకి కప్పి ఉండాలి. ఎవరూ గొళ్ళెం పెట్టలేదు!”

“మరి… తలుపెందుకు రాలే?”

“అది మీరు చెప్పాలి.”

చౌకట్టు దగ్గరికి వెళ్ళాను. నిలువు చెక్క లోపలి వైపు, నా భుజమంత ఎత్తులో, అరచేయంత జాగా చుట్టుపక్కలకన్నా తక్కువ కాలి ఉంది. నాలుగు మూలలా నాలుగు స్క్రూ రంధ్రాలు. రంధ్రాల లోపల చెక్క తెల్లగా ఉంది. అంటే మంటలప్పుడు స్క్రూలు వాటిలోనే ఉన్నాయి, తర్వాత ఎవరో విప్పుకుపోయారు. దాని పైనుంచి గోడ మీద ఒక గీతలా సున్నం పెళ్ళలుగా రాలిపోయింది. నూలు బేళ్ళున్న మూల కంటే ఇక్కడే ఎక్కువ కాలింది. మంట పుట్టింది బీడీతో కాదు, బేళ్ళ దగ్గరా కాదు. ఈ గోడ మీద పోయిన వైరులో పుట్టింది.

“ఇక్కడ ఏముండేది?”

కుమారస్వామి మెట్టు మీద కూలబడ్డాడు.

“నన్ను కాపాడాలె మేడం.”

“ముందు కట్టమ్మను కాపాడండి. ఏముండేది?”

“కరెంట్ తాళం. తలుపు మూసుకుంటె దానంతటదే పడ్తది. లోపటికెల్లి బటన్ వొత్తితె తెరుసుకుంటది. కమిటీకి చెప్పకుంట నేనే వెట్టించిన. కొత్త పద్ధతి, అందరు మెచ్చుకుంటరు అనుకున్న. ఆ దినం ఒంటి గంట ముప్పయ్యైదుకు కరెంట్ పోయింది. రెండింటికి వచ్చింది. అయిదు నిమిషాలకే పొగ. వైర్ కాలింది గదా, పోశయ్య బటన్ ఎంత వొత్తినా…” అతను రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. “వాడు తలుపు గుద్దుతాంటె నేను ఇన్న మేడం. ఇన్న.”

“తాళం ఏమైంది?”

“తెల్లారి వచ్చి విప్పుకపోయిండు. కంపెనీకి పంపాలె, నువ్వు నోరు తెరిస్తె నువ్వే జైలుకు పోతవ్ అన్నడు. నేను భయపడ్డ. తర్వాత ఆ ఆడియో వచ్చింది. కట్టమ్మక్కనే చేసిందేమో, నాదేం తప్పులేదేమో అని… నమ్మాలనిపించింది మేడం.”

ఆ మాటకు నాకు అతని మీద కోపం కంటే దిగులు ఎక్కువ కలిగింది. వాడకట్టంతా అలాగే నమ్మింది. ఒక్కొక్కరికి ఒక్కో కారణం.

“ఎవరు విప్పుకుపోయింది?”

అతను గట్టిగా చెప్పడానికి కూడా భయపడి, వేలితో ముందు గోడ లేని పక్క షెడ్డు లోపలి పైకప్పు చూపించాడు. అక్కడ ఒక కెమెరా ఉంది. దాని కింద స్టిక్కరు. స్టిక్కరు మీద దుకాణం పేరు, ఫోన్ నంబరు. ఆ నంబరు నా ఫోన్‌లో కూడా ఉంది. మూడేళ్ళుగా ఎత్తడానికి విసుక్కునే నంబరు.

సారంగపాణి.

నేను షెడ్డులోకి పరుగెత్తాను. ఖాళీగా ఉన్న షెడ్డులో నాలుగు చిన్న మగ్గాలున్నాయి. కట్టమ్మ ఇంటి మగ్గంలో సగం వెడల్పు కూడా లేవు.

“వీటి మీద కట్టమ్మ ఎప్పుడైనా నేసిందా?”

“పోయిన జూన్ల. యోగా చాపల ఆర్డర్ వచ్చింది, రెండడుగుల పన్నా. చిన్న మగ్గాలు ఇక్కడనే ఉన్నయ్ గదా, పద్దెనిమిది దినాలు అక్కనే దగ్గర కూసొని నేసి ఆడోళ్ళకు నేర్పింది.”

“మాట్లాడుతూ నేసిందా?”

“అక్క నోరు మూసుకొని ఎప్పుడు నేసింది మేడం!”

“మీకు నెయ్యడం వచ్చా?”

“పుట్టింది మగ్గం గుంటల. రాకుంటె?”

“కూర్చోండి. రెండడుగుల పన్నా ఎంత తొందరగా నేస్తారో అట్ల నెయ్యండి.”

వెడల్పు తక్కువైతే నాడె తొందరగా దాటుతుంది. నాడె తొందరగా దాటితే పలక తొందరగా పడుతుంది. ఇంత చిన్న సంగతి పొద్దున నాకు ఎందుకు తట్టలేదో! నేను ఫోన్‌లో గడియారం తెరిచాను. ధన్. ధన్. ధన్. ఇరవై దెబ్బలు లెక్కపెట్టాను. ఇరవై ఆరు సెకన్లు.

ఒకటి పాయింట్ మూడు!

నేను గట్టిగా కేక పెట్టాను. కుమారస్వామి జడుసుకుని పలక వదిలేశాడు.

“ఆ కెమెరాకు మాటలు కూడా వినపడతాయా?”

“ఇనవడ్తయ్. ఆడోళ్ళు ఊకెనే మాట్లాడుతాన్రా, నేస్తాన్రా చూసుకోవచ్చన్నడు. రికార్డింగ్ అంత ఆయన కంప్యూటర్‌లనే ఉంటది.”

పద్దెనిమిది రోజుల కట్టమ్మ గొంతు. తిట్లు, నవ్వులు, బుజ్జగింపులు, అన్నీ పోగై ఒకడి కంప్యూటరులో ఉన్నాయి. ‘ఆ గొంతు నిన్ననే మొదటిసారి విన్న’ అన్నవాడి కంప్యూటరులో. తాను బిగించిన తాళం ఒక మనిషిని గదిలో బంధించిందన్న సంగతి పోశయ్య నోరు విప్పేలోపే, దానికి ఇంకో కథ కట్టాలి. కథకు ఒక మనిషి కావాలి. పోశయ్యను నలుగురిలో తిట్టిన మనిషి దొరికింది.

కుమారస్వామి చెప్పిందంతా వీడియో తీశాను. మసి మచ్చ, స్క్రూ రంధ్రాలు, కెమెరా స్టిక్కరు, అన్నీ ఫొటోలు తీశాను. నాలుగూ ఇరవైకి మహిపాల్‌కు ఫోన్ చేశాను. 

“ఎస్సై గారూ, మనిషి పేరు దొరికింది!”

అవతల జీపు స్టార్ట్ అయిన చప్పుడు.

“మేడం,” అన్నాడు మహిపాల్ నెమ్మదిగా, “మీరు మజాక్ చేస్తాన్రా?”

“ఏమైంది?”

“మీరే గదా నాలుగు గంటలకు వేరే నంబర్ కెల్లి ఫోన్ జేసిన్రు? మీ ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందన్నరు. కట్టమ్మ మీ ముంగట ఒప్పుకుంది, పారిపోయేటట్టున్నది, నేను కేసు ఇడిసిపెడ్తాన అన్నరు. నేను జీప్ తీస్తాన.”

“నేను చెయ్యలేదు.”

“మేడం, మీ గొంతు నాకు తెల్వదా?”

 టేబుల్ మీద సారంగపాణి నా వైపు జరిపి పెట్టిన ఫోన్. చేతులు కట్టుకుని, అడ్డు రాకుండా విన్న పన్నెండు నిమిషాలు. కోపంగా, నవ్వుతూ, గుసగుసగా, గట్టిగా! వాడికి పద్దెనిమిది రోజులు అక్కర్లేకపోయింది. పన్నెండు నిమిషాలు చాలాయి. దానితో పాటు కట్టమ్మ తలుపు తాళంచెవి కూడా నేనే నోటితో చెప్పి వచ్చాను. దొంగగొంతు కేసు పట్టుకుని ఊరంతా తిరుగుతూ, అది కట్టమ్మకే జరుగుతుంది, నాకు జరగదనుకున్నాను. ఇక ఫోన్లో నేనేం చెప్పినా మహిపాల్ నమ్మడు; పెట్టేశాను.

“కుమారస్వామిగారూ, మీరు ఇప్పుడే స్టేషన్‌కు పొండి! నాకు చెప్పిందే చెప్పండి. ఫోన్లో కాదు, ఎదురుగా నిలబడి చెప్పండి!”

అతన్ని బయటికి తోసి, కట్టమ్మకు ఫోన్ కలిపాను. మూడు రింగులు. నాలుగు. ఎత్తింది.

“పెద్దమ్మా! వాసంతిని. ఎక్కడున్నవ్?”

 వెనక బండ్ల హారన్లు, జనం గోల. ఒకడు గొంతు చించుకుంటున్నాడు: “ములుగు, ములుగు, ములుగు! ఒక్క సీటే!”

ములుగు జీపు. అడవి దారి. నా గొంతుతోనే ఆమెను ఇల్లు దాటించారు. మహిపాల్ వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంటుంది. పారిపోయింది అంటారు. ఆ తర్వాత ఆమెకు అడవిలో ఏం జరిగినా, పారిపోతుంటే జరిగింది అంటారు.

“పెద్దమ్మా, జీప్ ఎక్కకు! నేను నిన్ను యాడికి రమ్మనలేదు! అది నేను గాదు!”

“నాకెరుకే,” అంది కట్టమ్మ. ఆమె గొంతులో పొద్దున లేని ధైర్యం ఉంది. “వాసంతి బిడ్డ ఇంతకుముందే ఫోన్ జేసి అంత చెప్పింది. ‘నా గొంతు తోటి దొంగ ఫోన్ వస్తది పెద్దమ్మా, జీప్ ఎక్కొద్దు అంటది, నమ్మకు’ అన్నది. థూ! సిగ్గులేదార నీకు? నా గొంతు ఎత్తుకపోయింది సాలక, నా బిడ్డ గొంతు సుత ఎత్తుకొస్తివా?”

“పెద్దమ్మా, నేను నిజంగ…”

ఫోన్ కట్ అయింది.

మళ్ళీ చేశాను. స్విచ్ఛాఫ్.